మేట మీద ఒక కర్ర ఎక్కువ

గాలం వేసి సరదాగా చేపలు పట్టాలనుకునే వాళ్ళని లోతు లేని ఉప్పునీళ్ళలోకి తీసుకెళ్ళి, మళ్ళీ ఒడ్డుకి చేర్చడం నా ఉద్యోగం. పదేళ్ళ పైచిలుకు అదే చేశాను. ఈమధ్య నలుగురైదుగురు కుర్రాళ్ళు ఈ పనిలోకి దిగుతూ నా దగ్గరికి వచ్చారు. ఏ రీలు కొనాలి, ఏ ఎర వాడాలి, ఫొటోలు ఎలా తీయాలి అని అడిగారు. తీసుకెళ్ళిన మనిషిని తిరిగి తేవడం గురించి ఒక్కడూ అడగలేదు. అడక్కపోయినా చెప్పాల్సింది అదే కాబట్టి రాస్తున్నాను.

నేను ఇందులోకి ఎలా వచ్చాను

మాది అనకాపల్లి. చర్చికి వెళ్ళే కుటుంబం. నేను బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచే దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయిపోగానే గాలం పట్టుకుని మాయమైపోతానని మా నాన్నకి నా మీద ఒకటే కోపం. రెండు వేల సంవత్సరం దాటాక విశాఖపట్నం నుంచీ, పరవాడ కంపెనీల నుంచీ ఆఫీసర్లు ఖరీదైన రాడ్లు పట్టుకుని శారద ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ళని తిప్పడానికి ఒకాయన రెండు ఫైబర్ పడవలు కొన్నాడు. కాస్త ఇంగ్లీషు, కాస్త హిందీ వచ్చిన మనిషి కావాలని నన్ను పెట్టుకున్నాడు. నీళ్ళు తెలిసిన మనిషి కావాలని నూకయ్య మామని పెట్టుకున్నాడు.

నూకయ్య మామ ఆ రేవులోనే పుట్టి పెరిగిన జాలరి. అప్పటికే అరవై దాటిన వయసు. నాకు ఏ చుట్టరికమూ లేదు, అక్కడ పెద్దవాళ్ళని మామా అనడం అలవాటు. అతిథులు పట్టిన పండుగప్పకి ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలెయ్యడం చూసి మొదటి రోజు ఆయన నోరు తెరిచి ఉండిపోయాడు.

"వొదిలీడానికి పట్టడమెందుకురా దానియేలూ? ఈళ్ళకి ఇంటికాడ పనేటీ లేదా?"

"సరదా మామా."

"చేపకి సరదాగుందో నేదో అడిగేరా?"



మేట

ఏరు మోసుకొచ్చిన ఇసకా ఒండ్రూ మొగ లోపల పెద్ద మేటగా పరుచుకుని ఉంటుంది. పోటు మీద ఉన్నప్పుడు దాని మీద ఛాతీ లోతు నీళ్ళు. పాటు తీసేసరికి చీలమండలు కూడా తడవవు. నీళ్ళు తీస్తూ, పెడుతూ ఉండే ఆ మధ్య కాలంలోనే మంచి చేప వస్తుంది. పడవ ఆపి, అతిథుల్ని దింపి, మోకాలి లోతులో నడిపించాలి. అడుగు ఎత్తి వెయ్యకూడదు, ఈడ్చుకుంటూ వెళ్ళాలి. ఇసకలో టేకు చేప పడుకుని ఉంటుంది, తొక్కితే దాని తోక ముల్లు కాల్లో దిగుతుంది. ఈడిస్తే అదే తప్పుకుంటుంది. ఇది నేర్పడం తేలిక.

నేర్పలేనిది ఏమిటంటే, అక్కడ చూపూ చెవీ రెండూ మోసం చేస్తాయి. ఎటు చూసినా ఒకే రంగు, ఒకే ఎత్తు. చెట్టు లేదు, రాయి లేదు. తెరిపిగా ఉన్న రోజైతే దూరంగా పరవాడ వైపు పొగగొట్టాలు సన్నగా కనిపిస్తాయి. మంచు దిగిన రోజు అవీ ఉండవు. నూరడుగుల దూరంలో ఉన్న మనిషి గాలిలో నిలబడ్డట్టు కనిపిస్తాడు. ఎడమ పక్క నుంచి పిలిస్తే కుడి పక్క నుంచి వినిపిస్తుంది. మొదటి శీతకాలంలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, నా పేరు పెట్టి ఎవరో పిలవడం రెండుసార్లు విన్నాను. తిరిగి చూస్తే నీళ్ళు. మామతో చెప్తే ఆశ్చర్యపోలేదు.

"మేట మీద కేకకి కదలకూడదురా. కర్రకి కదలాల" అన్నాడు.

కర్రలు

ఆ రేవులో నీళ్ళ మీదికి వెళ్ళేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టరు. ఒకటి, రెండు అంటూ తలల మీద వేలు పెట్టి చూపిస్తే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. లెక్కపెట్టిన వాడు తగ్గుతాడని భయం. దానికి బదులు, మేట మీద దిగే ప్రతి మనిషీ పడవ పక్కన మనిషెత్తు కర్ర ఒకటి పాతి వెళ్తాడు. తిరిగి వచ్చాక తన కర్ర తనే పీక్కుంటాడు. ఇంకొకళ్ళ కర్ర ముట్టుకోకూడదు. కర్ర నిలబడి ఉన్నంతసేపూ పడవ కదలకూడదు. అంతే చట్టం.

జాలర్లవి తాటి చేవ కర్రలు. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు గుర్తు ఉంటుంది. అతిథుల కోసం నేను వెదురు కర్రలు కొట్టించి, ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డ పేలిక కట్టాను. వాళ్ళు నవ్వుతూ పాతేవారు. చాలామంది తిరిగి వచ్చాక పీకడం మరిచిపోయి పడవెక్కేసేవారు. మనుషులు కళ్ళెదుట కూర్చుని ఉన్నారు కదా అని నేనే పీకి పడవలో పడేసేవాణ్ణి. మామ చూసినప్పుడల్లా తిట్టేవాడు. నేను లోపల నవ్వుకునేవాణ్ణి. కర్రలో ఏముంది, రెండు కళ్ళున్నాయి కదా అనుకునేవాణ్ణి.

ఒకసారి అడిగాను, ఎందుకంత పట్టింపు అని. అప్పుడు చెప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట మామ, ఆయన తమ్ముడు పోలయ్య పీతల కోసం మేట మీదికి వెళ్ళారు. మంచు కమ్మింది. మామ తిరిగి వచ్చి తన కర్ర పీక్కున్నాడు. పోలయ్య కర్ర అలాగే ఉంది. నీళ్ళు పెడుతున్నాయి. మామ ఆ కర్ర పక్కనే పడవ పట్టుకుని కేకలు వేస్తూ నిలబడ్డాడు. కర్ర మునిగింది. ఇంకో పోటు, ఇంకో పాటు చూశాడు. మనిషి రాలేదు, శవమూ రాలేదు. పీకడానికి మనిషి లేడు కాబట్టి కర్రని ఎవరూ ముట్టుకోలేదు. ఆ తరవాత తుఫాను వచ్చి మేట రూపమే మారిపోయింది, కర్ర కనబడలేదు.

పోలయ్య భార్య ఎల్లాయమ్మ ఆ రేవులోనే నెత్తళ్ళు ఎండబెట్టి అమ్ముకునేది. నుదుట బొట్టు, చేతికి గాజులు అలాగే ఉండేవి. పెద్దవాళ్ళు ఏదో చెప్పబోతే "కర్ర పీకేరేటి?" అని అడిగేదట. దాంతో నోళ్ళు మూతపడేవి.

మా సారు

పడవల యజమాని గురించి రెండు మాటలు. చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, మాట తూలలేదు. కానీ జీవితంలో ఒక్కసారి కూడా మేట మీద కాలు పెట్టలేదు. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, నీళ్ళ మీద పనికి గడియారం పెట్టేవాడు. పదికల్లా ఒడ్డున ఉండాలంటే ఉండాలి. ఆలస్యమైతే సెల్‌ఫోన్ మోగేది. మీకు ఇలాంటి యజమాని దొరికితే, మేట మీదికి వెళ్ళేటప్పుడు ఫోన్ ఆయన దగ్గరే వదిలేసి వెళ్ళండి. నేను వదల్లేదు. అలాగని జరిగినదాన్ని ఆయన మీదికి నెట్టను. ఫోన్ చేసింది ఆయన, కర్ర పీకింది నేను.

ఆ రోజు

పుష్యమాసం చలి. పరవాడలో మందుల కంపెనీలో పనిచేసే ఐదుగురు వచ్చారు. ముగ్గురు నా పడవలో, ఇద్దరు మామ పడవలో. నా ముగ్గురిలో సుధాకర్ గారని ఒకాయన. నలభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి, నాకు నచ్చాడు. నీలం పేలిక కర్ర ఆయనే ఏరుకున్నాడు. నవ్వకుండా, గట్టిగా లోతుకి దిగేలా పాతాడు. "ఇది నాదే కదా?" అని ఒకసారి తాకి చూసుకుని మరీ వెళ్ళాడు.

ఎనిమిది దాటాక మంచు దిగింది. ఎండెక్కే వేళకి మంచు విడిపోవాలి, ఆ రోజు చిక్కబడింది. గాలి లేదు. పక్షులు కూడా అరవడం మానేశాయి. అంత నిశ్శబ్దంలో పోటు నీళ్ళు ఇసక మీద పాకే చప్పుడు ఒక్కటే, ఎవరో చాప ఈడుస్తున్నట్టు. మామ అతిథుల్లో ఒకాయనకి కడుపులో తిప్పి వాంతులయ్యాయి. వాళ్ళిద్దరూ వాళ్ళ కర్రలు పీక్కుని ఎక్కేశారు. మామ నా వైపు కేకేశాడు.

"నాను ఈళ్ళని దింపీసి వత్తాను. నీ కర్రలన్నీ లేసేకే బయలెల్లు!"

కాసేపటికి నా ముగ్గురిలో ఇద్దరు వచ్చారు. సుధాకర్ గారు రాలేదు. నీలం కర్ర నిలబడి ఉంది. నీళ్ళు పెరుగుతూ అప్పటికి మోకాళ్ళ దాకా వచ్చాయి. ఫోన్ మోగింది, సారు. "ఎక్కడున్నారయ్యా, తరవాతి బ్యాచి వచ్చి కూర్చున్నారు." వచ్చిన ఇద్దరిలో కళ్ళద్దాల ఆయన అన్నాడు, "సుధాకర్ ఆ పెద్దాయన పడవలో వెళ్ళిపోయుంటాడు. ఇందాక చలేస్తోందన్నాడు. అటు నడవడం నేను చూశాను."

చూశానన్నాడు. నాకు అదే చాలనిపించింది. పీకడం మరిచిపోయి ఎక్కేసి ఉంటాడు, అందరూ మరిచిపోతారు కదా అనుకున్నాను. నీలం కర్ర గట్టిగా దిగి ఉంది, ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి పీకాను. ఆ ఊపడం నా చేతులకి ఇంకా గుర్తుంది.

ఒడ్డుకి చేరేసరికి మామ ఖాళీ పడవతో తిరిగి బయలుదేరుతున్నాడు. నా పడవలో అడ్డంగా పడి ఉన్న నీలం పేలిక చూశాడు. తరవాత నా వెనక ఉన్న మొహాలు చూశాడు.

"ఆ కర్ర మడిసేడిరా?"

"నీ పడవలో రాలేదా మామా?"

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇద్దరు అతిథుల్నీ దింపించి, నా పడవలోకి దూకి "తిప్పు" అన్నాడు.

వెనక్కి

మొగ దాటి మంచులోకి వెళ్ళగానే మామ మోటారు ఆపించాడు. ఇరవై ఏళ్ళ కిందటి కర్ర లేదు, ఇరవై నిమిషాల కిందటి కర్ర నా కాళ్ళ దగ్గరుంది. మేట మొత్తం మీద ఆనవాలు అనేది లేకుండా నేను నా చేత్తోనే చేశాను. మా సంఘంలో గట్టిగా ప్రార్థన చేసే నాకు ఆ వేళ ఒక్క మాట నోట్లోకి రాలేదు.

అప్పుడు వినిపించింది. "దానియేలూ... దానియేలు గారూ..." సుధాకర్ గారి గొంతే. ఎడమ వైపు నుంచి, దగ్గర్లోనే. నేను పడవ తోసే గెడ అటు తిప్పాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అటు పాయ. రెండు నిలువుల లోతు. అక్కడ నిలబడి ఎవడు పిలుత్తాడురా?"

మళ్ళీ పిలిచింది ఆ గొంతు. ఈసారి వెనక నుంచి. తరవాత రెండు వైపుల నుంచీ ఒకేసారి.  జవాబివ్వబోతే మామ తల అడ్డంగా ఊపాడు. నా చేతిలోని గెడ లాక్కుని అడుగు పొడుస్తూ వెళ్ళాడు. కింద ఇసక అయితే గెడకి కరకరమంటుంది. ఒండ్రు అయితే చప్పుడుండదు, పట్టి లాగుతుంది. కరకరమన్న వైపే పడవని నడిపించాడు, మేట వెన్ను ఎక్కడుందో గెడతో వింటూ. అలా తడుముకుంటూ తిరిగేసరికి గంట దాటింది, నీళ్ళు ఛాతీ లోతు వచ్చేశాయి. పిలుపులు ఆగిపోయాయి. ఆగిపోవడంతో ఇంకా భయమేసింది.

ముందు కర్ర కనిపించింది. నీళ్ళ మీద రెండు జానల మేర నల్లగా. తరవాత దాన్ని కౌగిలించుకుని ఉన్న మనిషి. కళ్ళు గట్టిగా మూసుకుని, చెంప కర్రకి ఆనించి నిలబడి ఉన్నాడు. పడవ తగిలితేగానీ కళ్ళు తెరవలేదు. లోపలికి లాగుతుంటే కర్ర వదలడే. "సార్, వదలండి, మేం వచ్చేశాం" అని నేను బతిమాలుతున్నా వదల్లేదు. చివరికి కర్రతో సహా పడవలోకి వచ్చి పడ్డాడు.

పడవ అంచుకి ఆనుకుని కూర్చుని చెప్పాడు.

"మీరు లేరు. నా కర్ర మాత్రం ఉంది. కర్ర ఉంటే పడవ ఉంటుందన్నారు కదా, పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి మీరు పిలుస్తూనే ఉన్నారు, ఇటు రండి, ఇటు రండి అని. వద్దామనుకున్నాను. కర్ర వదల్లేకపోయాను."

ఆయన ఆ పిలుపులు విన్న వేళకి మేం ఒడ్డున ఉన్నాం, తిరిగి వచ్చాక కూడా మేమెవరం పిలవలేదు.

"మీరు నన్ను కేకేశారు కదా సార్?" అని అడిగాను.

"లేదు. నోరు తెరిస్తే నీళ్ళొస్తాయని భయమేసి నేను అసలు నోరే తెరవలేదు."

ఆయన కర్ర నీలం పేలికతో నా కాళ్ళ దగ్గర ఉంది. నేను కాలితో దాన్ని పక్కకి జరిపాను, ఆయన చూడకుండా. అప్పటికి మామ ఆ రెండో కర్రని ఒడిలోకి తీసుకున్నాడు. తాటి చేవ. సగం వరకూ గుల్లలు పట్టి ఉంది. కింది సగం ఒండ్రులో ఉండి నున్నగా ఉంది. మామ బొటనవేలితో పై కొస దగ్గర ఒండ్రు తుడిచాడు. మూడు గాట్లు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఆయన ఇంటి గుర్తు అది. ఆయన కర్రకీ అదే ఉండేది.

ఏటి ప్రవాహం ఆ ఏడు మేటని కోసి, పూడిపోయిన కర్రని బయటపెట్టి ఉంటుంది. ఒండ్రులో తాటి చేవ చాలా ఏళ్ళు ఉంటుంది. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పొద్దున మేం దిగిన చోట ఆ కర్ర లేదన్నది కూడా నిజమే. సుధాకర్ గారు మంచులో వేరే చోటికి నడిచి ఉండొచ్చు. అంతవరకే నేను చెప్పగలను.

ఎల్లాయమ్మత్త

ఒడ్డుకి వచ్చాక మామ కర్ర నా చేతికిచ్చాడు. 

"నాను ఇవ్వలేనురా. నువ్వట్టికెల్లు."

ఎల్లాయమ్మత్త ఇసక మీద నెత్తళ్ళు పరుస్తోంది. కర్ర ఆమె ముందు పెట్టి, జరిగింది చెప్పాను. నేను నీలం కర్ర పీకడం కూడా దాచలేదు. ఆమె చేతులకున్న చేప పొలుసులు చీరకి తుడుచుకుని, గాట్లు తడిమింది. ఒకసారి, రెండోసారి. గాజులు కర్రకి తగిలి చప్పుడయ్యాయి. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకి రాలేదు.

"మీ మావొచ్చేడా, కర్రొచ్చిందా?"

"కర్రేనత్తా."

"మరి మడిసి రాకండా కర్ర పీకకూడదని నీకు సెప్పనేదేటి నూకయ్య బావ?"

 ఆమె కర్రని నా చేతుల్లో తిరిగి పెట్టింది.

"తిరిగి పాతీండి. ఇయ్యాల ఒకడు అట్టుకున్నాడు గదా. రేపు ఇంకొకడికి కావాల."

మర్నాడు పాటు తీసినప్పుడు వెళ్ళాం. ఆ తాటి కర్ర పీకినవాడే పాతాలన్నాడు మామ. సుధాకర్ గారు కంపెనీకి సెలవు పెట్టి వచ్చాడు. పడవ దిగే ముందు చాలాసేపు అంచు పట్టుకుని కూర్చున్నాడు. దిగాక మాత్రం ఎవరి సాయమూ తీసుకోలేదు. మేట వెన్ను మీద గుంట తవ్వి, కర్ర నిలబెట్టి, తొక్కి తొక్కి గట్టి చేశాడు. మామ నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. తమ్ముణ్ణి ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడు. ఏ వైపు నుంచీ ఏ జవాబూ రాలేదు. దానికి కూడా నేను దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

మీకు

ఆ తరవాత నేను పనిచేసిన అన్నేళ్ళలో ఇంకొకళ్ళ కర్ర ముట్టుకోలేదు. అతిథి పడవలో నా ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, దిగి పీక్కోమనేవాణ్ణి. విసుక్కున్నవాళ్ళున్నారు, సారుకి ఫిర్యాదు చేసినవాళ్ళున్నారు. సారు అడిగితే, మేట మీదికి ఒకసారి వచ్చి చూడమన్నాను. రాలేదు, మళ్ళీ అడగలేదు. నూకయ్య మామ మంచం మీద పోయాడు, ఒడ్డున, అందరి మధ్యా. చివరి ట్రిప్పు రోజు నా కర్ర నేను పీక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. తలుపు వెనక ఉంది.

మీరు మేట మీదికి వెళ్ళినప్పుడు, వచ్చే ముందు కర్రలు చూసుకోండి. మీరు పాతినవాటికంటే ఒకటి ఎక్కువ ఉంటుంది. నల్లగా, మూడు గాట్లతో. అది పోలయ్య మామది, దాన్ని ముట్టుకోవద్దు. దాని కోసం పడవ ఆపక్కర్లేదు, దాని మనిషి కోసం ఎదురుచూడడం ఎల్లాయమ్మత్త చూసుకుంటోంది. బాగా ముసలిదైపోయింది, చూపు ఆనదు. గాజులు మాత్రం ఉన్నాయి.

ఎప్పుడైనా ఆ కర్ర కనబడకపోతే ఏరు కొట్టుకుపోయిందని వెంటనే అనుకోకండి. ముందు ఆమె ఇంటికి వెళ్ళండి. ఎవరైనా వచ్చి ఉన్నారేమో చూడండి.